నాలుగు బావుల ఇనుప దిమ్మ

ఏమన్నావు, మళ్ళీ చెప్పు నాయనా. నిదానంగా చెప్పు, ఈ చెవి సరిగా పనిచేయడం లేదు. కారు కొన్నావు, పాత కారు. మంచిది. కాగితాలలో ఒక రకం ఇంజను వ్రాసి ఉంది, మెకానిక్కు మూత ఎత్తి చూసి లోపల ఉన్నది అది కాదేమో అంటున్నాడు. సరే. అందుకని నీవు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని, అమ్మినవాడి ఇంటికి వెళ్ళి, అతన్ని గల్లీలో నిలబెట్టి అడుగబోతున్నావు. అది మాత్రం ఆపు. ఆ ఫోను జేబులో పెట్టుకొని స్టూలు ఇటు లాక్కో. అతను ఎక్కడికీ పారిపోడు. చాయ్ తాగుతావా? తాగకుంటే మానె, కూర్చో. కోపంలో నీవు అచ్చం మీ తాతవు. ఆయన కూడా ఇలాగే, ఒక కాలికి చెప్పు వేసుకొని రెండోది మరచిపోయి గుమ్మం దాటేవాడు. నీవు కూడా ఇప్పుడు చూడు, షర్టు గుండీ ఒకటి వదిలి ఒకటి పెట్టుకొన్నావు. సరిచేసుకో.

నీవు ఆయనను చూడలేదు కదా. నీకు రాజమల్లు అంటే గోడ మీద దండ వేసుకొన్న పెద్దమనిషి. నాకు మరిది. నేను బొంబాయిలో ఈ కామాటిపురకు కోడలిగా వచ్చేనాటికి అతనికి మీసమైనా సరిగా మొలవలేదు. "వదినె, బుక్కుల తెలుగు జర మాట్లాడు, ఇంటం" అని నన్ను ఆట పట్టించేవాడు. నాది బుక్కుల తెలుగు కాదు, శుద్ధమైన తెలుగు. నేర్పిన గురువు అటువంటివాడు, ఒత్తు తప్పితే బెత్తం అందుకొనేవాడు. ఆ చదువుతోనే నాకు మునిసిపాలిటీ తెలుగు బడిలో ఉద్యోగం వచ్చింది. మా మామగారు, అంటే మీ ముత్తాత పెద్దయ్య, అక్షరం ముక్క తెలియని మనిషి. పాలమూరు జిల్లా నుంచి ఉలీ సుత్తీ మూటగట్టుకొని వచ్చి, ఈ ఊళ్ళో రాళ్ళు చెక్కి ముసలివాడయ్యాడు. బొంబాయిలో సగం గోడలు మనవాళ్ళు కట్టినవే అనేవాడు. సగం అన్నది కొంచెం ఎక్కువ, పోనీ. పదిమంది కూర్చున్న చోట నా వంక చూపించి, "మా కోడలికి తెల్వనిది లేదు, ఏదున్నా ఆమెనడుగున్రి" అనేవాడు. నేను కొంగు సర్దుకొని ఏమీ విననట్లు లోపలికి వెళ్ళేదాన్ని. విననట్లు వెళ్ళేదాన్ని కాని, నాయనా, ప్రతిసారీ వినేదాన్ని.

ఎక్కడ ఉన్నాను? ఆ, రాజమల్లు బండి. మిల్లుల సమ్మె మొదలైంది ఎనభై రెండులో. బండి కొన్నది ఎనభై మూడు శ్రావణంలో. మా ఆయన శివరాం మిల్లు మనిషి. గేటుకు తాళం పడి ఏడాదిన్నర అయింది, పొద్దున లేచి అన్నం డబ్బా పట్టుకొని బయలుదేరే అలవాటు పోక, గ్యాలరీలో అటు నుంచి ఇటు నడిచేవాడు. పన్నెండో గల్లీలో రెండో అంతస్తు ఖోలీ, ఒకటే గది, అందులో ఏడుగురం. రాజమల్లు ఎవరిదో టాక్సీ బాడుగకు తోలేవాడు. అప్పుడు సైదులు వచ్చాడు. సైదులు మన పక్క ఊరివాడే, ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఉండేవాడు. రాజమల్లుకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయన. పదకొండేళ్ళ క్రితం కొత్తగా కొన్న కాలీపీలీ, నలుపూ పసుపూ టాక్సీ, గ్రాంట్ రోడ్ స్టేషను బయట ఎప్పుడూ మొదటి వరుసలో నిలబడేది, అద్దాలు తళతళలాడుతూ. పాపం, కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆ రోజు మా గుమ్మంలోనే కూర్చొని అన్నాడు, "మల్లూ, నా కండ్లు వోయినయ్ రా. బండి నీకిస్త, ఇంకెవ్వనికియ్య. ఇంజన్ కంపెనోడు వెట్టిందే ఉన్నది, దాని లోపట ఎవ్వని చెయ్యి వెట్టనియ్యలే." ఇద్దరి మధ్య పత్రం లేదు, సాక్షి లేడు. బండి పుస్తకం మీద పేరు మార్చుకొన్నారు, అంతే. ఇంట్లో పదేళ్ళ తరువాత పాయసం వండాము. ఆ పాయసంలో తారాబాయి, మీ నాయనమ్మ, యాలకులు వేయడం మరచిపోయింది. అది వేరే కథ.

ఆ సంవత్సరం దసరాకు బండికి పూజ చేసుకొన్నాము. అది తరువాత చెబుతాను. అది ఇప్పుడు చెప్పవలసినది కాదు.

శివరాత్రి ముందరనో, వెనుకనో, బండి పొగ వదలడం మొదలుపెట్టింది. నీలి పొగ. ఎక్కిన ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొనేవారు. రాజమల్లు దానిని దత్తారాం మిస్త్రీ దగ్గరికి తోలుకొని వెళ్ళాడు. వెనుక గల్లీలో రేకుల షెడ్డు, మరాఠీ మనిషి, నెమ్మదైనవాడు, చేతులు ఎప్పుడూ నల్లగా ఉండేవి, మాట మాత్రం తెల్లగా ఉండేది. అతను మరాఠీలో చెప్పాడు, రాజమల్లు ఇంటికి వచ్చి తెలుగులో చెప్పాడు, నేను నీకు నా తెలుగులో చెబుతున్నాను, మధ్యలో ఏమి జారిపోయిందో నాకు తెలియదు. ఇంజనుకు మూలం ఒక ఇనుప దిమ్మ. బ్లాకు అంటారు కదా, అదే. ఆ దిమ్మలో నాలుగు బావులు, ఒక్కొక్క బావిలో ఒక్కొక్క పిస్టను పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. బావి అరిగితే నూనె పైకి వచ్చి కాలుతుంది, అదే నీలి పొగ. బావులను మళ్ళీ తొలిచి నున్నగా చేయాలి, కొత్త పిస్టన్లు వేయాలి. అంతవరకు నాకు కూడా అర్థమైంది. అక్కడి నుంచే తికమక. దత్తారాం అన్నాడట, "రాజమల్లు, ఈ బండికి పాత రకం బ్లాకు ఒకటి, కొత్త రకం బ్లాకు ఒకటి. పైకి చూస్తే అక్కచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి. లోపల పిస్టన్లు వేరు, వాటి ఎత్తు వేరు. నీదాంట్లో ఏది ఉందో తెలియకుండా నేను సామాను తెమ్మనలేను."

నేను అడిగాను, కొలిచి చూస్తే తెలియదా అని. నీవు ఇప్పుడు అడుగబోయినట్లే. రాజమల్లు నెత్తి పట్టుకొని కూర్చున్నాడు. "కొల్సిండు వదినె. కొల్తకు కొత్త బ్లాకు లెక్కనే ఉన్నది. అయితే పాత బ్లాకును రొండుసార్లు తొలిపిస్తే బావులు ఎడల్పయి గదే కొల్తకొస్తయంట. ఇంగ ఎట్ల తెలుస్తది?" మరి పుస్తకంలో ఏమి ఉంది? పుస్తకంలో నంబరు ఉంది. ఆ నంబరు కొత్త రకానిది. "పుస్తకంల ఉన్నది సరే. పుస్తకంల ఉన్న దిమ్మనే బండిల ఉన్నదని ఎవరు జెప్పాలె? టాక్సీలోళ్ళు దిమ్మలు మార్సుకుంటనే ఉంటరు." దిమ్మ పక్కన ఒకచోట నున్నగా చదును చేసి నంబరు కొట్టి ఉంటుందట. దానిని చూస్తే సందేహం తీరుతుంది. తీరుతుంది అనుకొన్నారు.

దత్తారాం గడ్డం గీసుకొనే అద్దం ఒకటి లోపలికి దించి, బ్యాటరీ లైటు వేసి చూశాడు. రాజమల్లు పక్కన వంగి నిలబడ్డాడు. మడ్డి, మసి, ఎప్పటిదో కుంకుమ ముద్ద. గుడ్డతో తుడిచాడు. ఏడంకెల నంబరులో ముందరి మూడు కనబడ్డాయి. మిగిలిన చోట అంకెలు లేవు, ఉలితో కొట్టిన కాట్లు ఉన్నాయి. దత్తారాం అద్దం పైకి తీసి, గుడ్డతో దానిని రెండుసార్లు తుడిచి, బీడీ ముట్టించుకొని, రాజమల్లు ముఖం చూడకుండా అన్నాడట, "నంబరును ఉలితో కొట్టేది ఎవరో నీకు తెలుసు. దొంగ బ్లాకు అమ్మేవాళ్ళు. నాకు మూత వేసి పంపించడం తప్ప వేరే దారి లేదు. ఉగాది దాటితే ఆర్టీవోలో నీ బండికి పాసింగు పరీక్ష ఉంది కదా? అక్కడ ఇన్‌స్పెక్టరు ముందుగా చూసేది ఈ చోటే."

ఆ సాయంత్రం రాజమల్లు బండిని షెడ్డులోనే వదిలి, నడుచుకొంటూ బయలుదేరాడు. ఇంటికి ఐదు నిమిషాల దారి, గంటన్నర పట్టింది. గ్రాంట్ రోడ్ వంతెన మీదికి వెళ్ళి, దిగి, మళ్ళీ ఎక్కాడట. పదేళ్ళ నుంచి తోలుతున్న ఊళ్ళో ఎడమ ఏదో కుడి ఏదో తెలియలేదు అన్నాడు. ఇరానీ హోటల్లో కూర్చొని చాయ్ చెప్పి తాగకుండా లేచాడు. అతనికి ఏది గుర్తుకు వచ్చినా తిరగబడి గుర్తుకు వచ్చింది. సైదులు ఎప్పుడూ స్టాండులో బానెట్టు ఎత్తేవాడు కాదు. అప్పుడు శుభ్రమైన మనిషి అనుకొన్నాడు, ఇప్పుడు దాచుకొన్నాడు అనిపించింది. "ఇంకెవ్వనికియ్య" అన్నాడు, అప్పుడు ప్రేమ, ఇప్పుడు "ఇంకెవరూ కొనరు" అని వినబడింది. శుక్లాలు కూడా నిజమైనవేనా అని అనుమానం వచ్చిందట. చూడు మనసు ఎంతవరకు వెళుతుందో. బండి పాసింగులో ఆగిపోతే ఈ ఇంటికి ఆధారం నా బడి ఉద్యోగం ఒక్కటే, ఏడు నోళ్ళు. అది కూడా నిజమే. భయపడ్డ మనిషి స్నేహితుడిని గుర్తుపట్టడు నాయనా.

ఆదివారం పొద్దున కులసంఘం గదిలో పెద్దమనుషులను పిలిపించాడు. మధ్యలో కూర్చున్నది ఎవరనుకొన్నావు, మా మామగారే. పంచాయతీలో ఆయన మాటే చివరి మాట. తగవు వస్తే మన రాతిపనివాళ్ళలో ఒక ఆచారం ఉండేది. దేవుడి పటం మీద కాదు, ఉలి మీద చేయి పెట్టి ప్రమాణం చేయాలి. అన్నం పెట్టే ఇనుము మీద అబద్ధమాడితే ఆ చేతికి పని పుట్టదని నమ్మకం. ఆడవాళ్ళము వెనుక చాప మీద కూర్చున్నాము. రాజమల్లు లేచి చెప్పాడు, నంబరు ఉలితో కొట్టి ఉంది, దిమ్మ దొంగది, నాకు అంటగట్టాడు అని. సైదులుకు ఎవరు ఏ వైపు కూర్చున్నారో కనబడడం లేదు. గొంతు వచ్చిన దిక్కుకు తల తిప్పుతున్నాడు. "పెద్దయ్యా, గా ఉలి ఇటు తే" అన్నాడు. మామగారు తన సంచీలో నుంచి తన ఉలి తీసి ఇచ్చాడు. సైదులు దానిని రెండు చేతులతో పట్టుకొని, "గా ఇంజన్ మూసిన పొట్ట. కంపెనోడు మూసిండు, నేను తెరువలే, ఇంకొకనితోని తెరిపియ్యలే" అన్నాడు. అక్కడితో ముగియవలసింది. కాని రాజమల్లు నోరు ఆగలేదు. "కండ్లు గనవడనోనికి ఎవడేం గొట్టిండో ఏం తెల్సు. తెల్సి అమ్మినవో తెల్వకమ్మినవో గదన్న జెప్పు" అన్నాడు. సైదులు ఉలిని మామగారి దిక్కుకు చాపి, ఆయన అందుకొనేదాకా ఆగి, "నువ్వు నేర్సుకునేనాడు నా బండి ఎన్నడన్న గీసుకుంటే నేను తుడిసి ఊకున్న మల్లూ. మీ ఇంట్ల చెప్పలే" అని లేచాడు. గుమ్మం ఎక్కడుందో వెతుక్కొంటూ గోడ పట్టుకొని వెళ్ళాడు. ఎవరూ లేచి చేయి పట్టుకోలేదు. ఆ వారంలోనే భార్యను తీసుకొని ఊరికి వెళ్ళిపోయాడు.

నేనా? నేను ఏమి అనుకొన్నానని అడుగుతున్నావా? "ఉలితో కొట్టి ఉంది" అన్న మాట నా చెవిన పడింది. అప్పుడు ఈ చెవి బాగానే ఉండేది. లేవబోయి, చాప సర్దుకొని మళ్ళీ కూర్చున్నాను. పొద్దుటి నుంచి చాయ్ తప్ప ఏమీ తినలేదు కదా, ఆకలి అనుకొన్నాను. ఇంటికి వచ్చి రెండు జొన్నరొట్టెలు తిన్నాను. మళ్ళీ ఇంకొకటి కాల్చుకొన్నాను. అంతే. తరువాత ఏమైందో విను.

తరువాత పిస్టన్ల సంగతి. దిమ్మ దొంగదే అని తేలిపోయింది కదా, అంటే తేల్చుకొన్నారు కదా; కాబట్టి పుస్తకంలోని నంబరును నమ్మడానికి లేదు, కాబట్టి ఇది తొలిపించిన పాత బ్లాకే అయి ఉంటుంది, అని రాజమల్లు వాదం. దత్తారాం తల గోక్కొన్నాడు. "నా కన్ను కొత్తది అంటోంది, నీ కోపం పాతది అంటోంది, డబ్బు నీది" అన్నాడట. పాత రకం పిస్టన్లు తెచ్చారు. బావులలో దించి, పైన మూత బిగించి, ముందర ఇనుప కడ్డీ పెట్టి చేత్తో తిప్పారు. సగం చుట్టు తిరిగి టక్కుమని ఆగింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అక్కడే. పిస్టను తల పైకి వచ్చి మూతకు తగులుతోంది. ఎత్తు కుదరలేదు. దత్తారాం కడ్డీ కింద పెట్టి, "నా కన్నే సరైనది. ఇది పాత బ్లాకు కాదు" అన్నాడు. రాజమల్లు అక్కడే పాత టైరు మీద కూర్చున్నాడు. పాతది కాకపోతే కొత్తది. కొత్తదైతే పుస్తకంలో వ్రాసినదే. పుస్తకంలో వ్రాసినదే అయితే సైదులు చెప్పినదే. అలాగైతే నంబరును ఎవరు కొట్టారు? సొంత బండి నంబరును సైదులు ఎందుకు కొట్టుకొంటాడు? ఇంటికి వచ్చి ఇదే అడిగాడు, అన్నం ముందర పెట్టుకొని. "సక్కని దిమ్మ మీద ఉలి ఎవడన్న ఎందుకు వెడ్తడు వదినె?" నేను మజ్జిగ పోస్తున్నాను. గిన్నె నిండి కంచంలోకి పారింది. "చూడు, నీ మాటల్లో పడి" అని అతన్నే కోప్పడ్డాను.

మరునాడు దత్తారాం ఇంజను మొత్తం పైకి ఎత్తించి, భాగాలన్నీ విప్పి, ఒట్టి దిమ్మను సోడాకారం కలిపిన నీళ్ళ పీపాలో ముంచాడు. ఒక పూట నానితే పదేళ్ళ మడ్డి ఊడిపోతుంది. మధ్యాహ్నం పైకి లాగి, నీళ్ళు కొట్టి, షెడ్డు బయట ఎండలో పెట్టాడు. అప్పుడు రాజమల్లు దగ్గరగా కూర్చొని చూశాడు. అద్దం లేదు, బ్యాటరీ లేదు, ఎండ. ముందరి మూడు అంకెలు. ఆ తరువాత కాట్లు; కాని ఆ కాట్లు అడ్డదిడ్డంగా లేవు. ఒక గుండ్రని సున్న, దాని కింద మూడు నిలువు గీతలు. గీతలన్నీ ఒక్క ఎత్తు, ఒక్క లోతు, ఎంతో పనితనం ఉన్న చేయి. గీతల మధ్య సందుల్లో అడుగున ఉన్న అంకెల తలలూ కాళ్ళూ కనబడుతున్నాయి; పుస్తకం పక్కన పెట్టుకొని చూస్తే ప్రతి తలా ప్రతి కాలూ సరిపోయింది. దత్తారాం "ఇదేమి బొమ్మ?" అన్నాడు. రాజమల్లు పుస్తకం మూశాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు ఆ బొమ్మను. అదిగో, నీ స్టూలు పక్కన ఉన్న ఆ సన్నెకల్లు అంచు చూడు. చెయ్యి పెట్టి చూడు. ఆ, అదే. మామగారి గుర్తు.

ఇంట్లోకి కొత్త పనిముట్టు వస్తే ఆయన దానిని గుర్తు పెట్టకుండా వాడనిచ్చేవాడు కాదు. పని దగ్గర నలభైమంది ఉలులు ఒకే కుప్పలో పడేవి. ఎవరిది ఏదో తెలియాలి కదా. "గుర్తు లేని ఇనుము ఎవని చేతిల వడ్తె వానిదైతది" అనేవాడు. సుత్తికి, తాపీకి, రోకలి పొన్నుకు, నా పప్పుగుత్తి కాడకు కూడా పెట్టాడు. బండి కూడా అన్నం పెట్టే పనిముట్టే. దానికి కూడా పెట్టాడు.

రాజమల్లు ఇంటికి వచ్చాడు. చేతులకు సోడా కాలి ఎర్రగా ఉన్నాయి. మామగారు మంచం మీద కూర్చొని తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. నేను కిటికీ దగ్గర పిల్లల కాపీలు దిద్దుతున్నాను. "నాయినా, బండి దిమ్మ మీద గుర్తు వెట్టినవా?" అని అడిగాడు, అరవలేదు, చాలా మెల్లగా అడిగాడు. మామగారు సంతోషంగా తలెత్తాడు. "వెట్టిన. దసర నాడు. మంచిగ సక్కగ నున్నటి జాగ ఉండె, రాయి సదును వెట్టినట్లు. ఇప్పుడు కనవడ్డదా నీకు?" అప్పుడు రాజమల్లు చెప్పాడు, ఆ నున్నటి చోటనే నంబరు ఉంటుందని, ఆ నంబరు కోసమే సైదులును నలుగురిలో నిలబెట్టానని, నీవే ఉలి ఇచ్చి ప్రమాణం చేయించావని. మామగారి చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. "గవి బండి నంబర్లా" అన్నాడు. రాజమల్లు అన్నాడు, "ఏందో గీతలున్నయి, ఏందని ఎవర్నన్న అడగకపోయినవా నాయినా. ఇంట్ల సదువుకున్నోళ్ళున్నరు. ఎవరు జెప్పలేదా నీకు?"

కొంచెం నీళ్ళు ఇవ్వు. ఆ చెంబులోవి. చాలు.

దసరా పొద్దున బండిని మా చాల్ బిల్డింగు ముందర కడిగి నిలబెట్టారు. రాజమల్లు బంతిపూల దండల కోసం వెళ్ళాడు, తారాబాయి మోరీ దగ్గర గిన్నెలు తోముతోంది. హారతి పళ్ళెం పట్టుకొని నేను నిలబడ్డాను. మామగారు బానెట్టు ఎత్తి, ఆ ఇనుమును వేళ్ళతో తడిమి తడిమి చూసి, ఒకచోట ఆగాడు. "కోడలా, ఈడ ఏందో రాసున్నదా సూడు. దేవుని పేరు గిట్ల ఉంటే ఉలి వెట్టొద్దు" అని అడిగాడు. చూడు, ఆ మనిషి అడిగాడు. నేను వంగి చూశాను. వంగినట్లు చూశాను. పట్టుచీర కట్టుకొన్నాను, నూనె అంటుతుందని భయం, పళ్ళెంలో కర్పూరం అయిపోవస్తోంది, ఎదుటి గ్యాలరీలో ఆడవాళ్ళు చూస్తున్నారు. "ఏమీ లేదు మామగారూ, ఒట్టి అంకెలు. అక్షరం ఒక్కటి కూడా లేదు. మీరు కానివ్వండి" అన్నాను. ఆయన కానిచ్చాడు. ఎంత శ్రద్ధగా చేశాడో. కొట్టిన ఇనుప పొడిని నోటితో ఊది, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నా వైపు తిరిగి నవ్వాడు.

మరి సంఘం గదిలో కూర్చున్న రోజు నాకు తెలుసా? ఇదే నాయనా, ఇన్నేళ్ళుగా నాకు తెలియనిది. తెలిసీ ఊరుకొన్నానా, తెలుసుకోవడం ఇష్టం లేక ఊరుకొన్నానా. ఒక్కోరోజు ఒక్కో విధంగా అనిపిస్తుంది. మజ్జిగ పొర్లిన రోజు తెలుసు. ఆ రోజు తెలుసు, అది ఒప్పుకొంటాను. మామగారికి కూడా సంఘంలో ఉలి తీసి ఇచ్చేటప్పుడు ఏమైనా తట్టిందా అని అడగాలనుకొన్నాను. అడగలేదు.

ఆ, ఇప్పుడు రాజమల్లు అడిగాడు కదా, ఎవరూ చెప్పలేదా అని. మామగారు నా వంక చూశాడు. ఎంతసేపు? ఆకు మడిచేంతసేపు. నేను ఎర్ర సిరా కలం పట్టుకొని ఉన్నాను, కాపీ మీద చుక్క పడి పెద్దదవుతోంది. అప్పుడు ఆయన కొడుకు వైపు తిరిగి, "నేనెవర్ని అడగలే. నాకెవరు జెప్పలే. సదువు రానోణ్ణి, నున్నగుంటే కొట్టిన" అన్నాడు. ఆకు నోట్లో పెట్టుకొన్నాడు. అంతే, ఆ మాట మీద తలుపు పడిపోయింది. నేను దానిని తెరవగలిగేదాన్ని. ఖోలీ ఎంత పెద్దదని, రెండడుగులు వేస్తే ఇద్దరి మధ్య నిలబడేదాన్ని. నేను తరువాతి కాపీ తీసుకొన్నాను.

బండి ఏమైంది అంటావా. పాసింగు ఏజెంటు ఒకటే మాట చెప్పాడు, మొదటి యజమాని వచ్చి, ఇది నేను కొన్ననాటి ఇంజనే అని వ్రాసి ఇస్తే, ఆ చోట మళ్ళీ నంబరు కొట్టించుకొనే వీలుంటుంది, లేకపోతే బండిని మరచిపొమ్మన్నాడు. మొదటి యజమాని ఎవరు, సైదులే. ఎవరిని దొంగ అన్నారో అతని నోటి మాట మీదనే బండి నిలబడాలి. రాజమల్లు ఊరికి వెళ్ళడానికి సిద్ధమయ్యాడు. మామగారికి అంత ప్రయాణం చేసే ఓపిక లేదు. "ఉత్తరం వెడ్త, నా మాటగ తీస్కపో" అన్నాడు. ఉత్తరం ఎవరు వ్రాయాలి? "కోడలా, కాయితం తే."

ఆయన చెప్పాడు, నేను వ్రాశాను. "సైదులు తమ్మునికి పెద్దయ్య చెప్పుకునేది. తప్పు నాది, నా కొడుకుది గాదు, నీది అసలే గాదు. దిమ్మ మీద కొట్టింది నేను. అవి నంబర్లని నాకెవరు జెప్పలే." అక్కడ నా కలం వంక చూశాడు. "రాసినవా బిడ్డా?" అన్నాడు. కోడలా అనలేదు చూడు, బిడ్డా అన్నాడు. నేను, "వ్రాశాను" అన్నాను. "సదువు" అన్నాడు. చదివి వినిపించాను, నా గొంతుతో ఆ వాక్యం. తలూపాడు. చివర సంతకం పెట్టాలి కదా, వేలిముద్ర వద్దన్నాడు. నా కలం అడిగి తీసుకొని, ఉలి పట్టుకొన్నట్లు నిలువుగా పట్టుకొని, ఒక సున్న గీశాడు, దాని కింద మూడు గీతలు. కాగితం రెండుచోట్ల చిరిగింది.

రాజమల్లు నాలుగు రోజులకు తిరిగి వచ్చాడు, సైదులుతో కలిసి. అవును, వచ్చాడు సైదులు. మునుపటికన్నా చూపు ఇంకా తగ్గింది, రాజమల్లు భుజం మీద చేయి వేసుకొని మెట్లు ఎక్కాడు. పాసింగు దగ్గర నిలబడి చెప్పాడు, వేలు వేశాడు, బండి మళ్ళీ గ్రాంట్ రోడ్డులో మొదటి వరుసకు వచ్చింది, ఇంకా ఎనిమిదేళ్ళు ఈ ఇంటికి అన్నం పెట్టింది. మీ నాన్న ఫీజులు దాని మీదనే వెళ్ళాయి. ఆ రోజు సైదులు మా ఖోలీలో భోజనానికి కూర్చున్నాడు. నేనే వడ్డించాను. రాజమల్లు చెబుతున్నాడు, ఊళ్ళో సైదులు ఆ ఉత్తరం మొత్తం చదివించుకొని విన్నాడట. కాగితం చేతికి తీసుకొని, చిరిగిన చోట వేలు పెట్టి తడిమి, ఆ సున్నను, ఆ గీతలను తడిమి, అప్పుడు లేచి సంచీ సర్దుకొన్నాడట. సైదులు తల ఇటు తిప్పి, నేను నిలబడ్డ దిక్కుకు కాదు, కొంచెం పక్కకు చూస్తూ అన్నాడు, "రాసినోళ్ళు ఏమన్న రాస్తరమ్మా. పెద్దయ్య గుర్తు అవద్దమాడదని ఒచ్చిన." మామగారు ఎదురుగా కూర్చొని అన్నం కలుపుకొంటున్నాడు. తలెత్తలేదు. "కోడలా, తమ్మునికి ఇంకింత పప్పెయ్యి" అన్నాడు.

నేను వేశాను.

మామగారు ఆ తరువాతి వానాకాలంలో పోయాడు. రాజమల్లు సంగతి నీకు తెలిసిందే. అతనికి నేను చివరిదాకా...

ఆ గుండీ ఇంకా సరిచేసుకోలేదు నీవు. ఇటు రా, నేను పెడతాను. నీ మెకానిక్కుతో చెప్పు, దిమ్మను ముందర శుభ్రంగా కడిగించమను. కడిగిన తరువాత నీవే కూర్చొని చూడు, ఎండలో పెట్టి చూడు. నా చాయ్ చల్లారిపోయింది, మా కోడలిని పిలువు.